కోత మలుపులో ఈల

కోత మలుపు పేరెత్తితే ఆ దారిన తిరిగే డ్రైవర్లలో సగంమంది నవ్వేసి మాట మారుస్తారు. మిగతా సగం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, అప్పుడు చెబుతారు. ఇది ఆ రెండో సగం చెప్పిన సంగతి. కొంత ఆ రోడ్డు పోసినవాళ్ళు చెప్పింది కూడా ఉంది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఆ మలుపు దగ్గర మాత్రం వేగం తగ్గించండి, ఎందుకైనా మంచిది.

రెండు వరసల హైవేని నాలుగు వరసలు చేస్తున్న రోజులవి. కొండని నిలువునా కోసి దారి తీసిన చోట రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది. రెండు పక్కలా రాతిగోడ. తిరిగేదాకా అవతల ఏముందో తెలియదు. పగటి రద్దీలో అక్కడ పని కుదరదని అంతా రాత్రిపూటే పెట్టారు. ఒక వరస మూసేసి, కోన్లు పేర్చి, పెద్ద దీపాలు వేసుకుని తారు పోసేవాళ్ళు.

తారు పోసే పని దగ్గర్నుంచి చూశారో లేదో. యంత్రం, బళ్ళు పోయే దిక్కుకే మెల్లగా కదులుతూ పొగలు కక్కే తారు కంకర పరుస్తుంది. దాని వెనకే కూలీలు పారలతో అంచులు సర్దుకుంటూ నడుస్తారు. అంటే ముఖాలు యంత్రం వైపు, వీపులు వచ్చే బళ్ళ వైపు. రాత్రంతా అంతే. వీపుకి కళ్ళుండవు కాబట్టి ఆ వీపుల్ని కాయడానికి ఇంకో మనిషి కావాలి.

ఎర్రజెండా పట్టుకున్న కూలీని నిలబెడితే డ్రైవర్లు హారన్ కొట్టి, నువ్వే తప్పుకోమంటారు. కోన్లనైతే లెక్కే చేయరు. అదే యూనిఫాంలో పోలీసు కనబడ్డాడో... కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అందుకని పని జరిగే చోటికి బాగా ముందర, మలుపు మొదట్లో, నీలం దీపం తిరిగే జీపు ఒకటి, దాని పక్కన యూనిఫాంలో ఒక పోలీసు ఉండి తీరాలని నియమం పెట్టారు.

ఆ నియమం ప్రకారం మొదట వచ్చిన పోలీసుని అందరూ ఈలాయన అనేవాళ్ళు. బక్కపల్చటి మనిషి. మాట తక్కువ, ఈల ఎక్కువ. వచ్చిన రోజే కూలీలందర్నీ పిలిచి కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాడు. పొట్టి ఈల వినబడితే — నేనున్నాను, వంగి మీ పని మీరు చేసుకోండి. పొడుగు ఈల వినబడితే — చేతిలో ఉన్నది పారేసి గోడవైపు దూకండి. వెనక్కి తిరిగి చూడొద్దు. చూస్తూ నిలబడ్డవాడే పోతాడు.

అప్పట్నుంచి కాసేపటికోసారి ఒక పొట్టి ఈల. యంత్రం రొదలో కూడా సన్నగా చెవిన పడేది. కొన్నాళ్ళకి వాళ్ళకది ఎంత అలవాటైపోయిందంటే, ఈల కాస్త ఆలస్యమైతే పారలు వాటంతటవే ఆగేవి.

ఒక మంచు రాత్రి పొడుగు ఈల వినబడింది. అందరూ గోడవైపు దూకారు. కోన్లని తొక్కుకుంటూ ఒక లారీ వచ్చి, వాళ్ళు అంతకు ముందున్న చోటు మీదుగా పోయి, యంత్రానికి గుద్దుకుని ఆగింది. కూలీల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఈల ఎప్పుడాగిందో ఎవరికీ తెలియలేదు. తరవాత వెళ్ళి చూస్తే... ఈలాయన తన చోటు వదిలి కదల్లేదు, ఊపిరి మాత్రం లేదు.

ఆ తరవాతే చోటుకి చెడ్డపేరొచ్చింది. పని ఆపేశారు, జీపు తీసుకెళ్ళిపోయారు. మనిషన్నవాడు లేని ఆ మలుపులో ఈల వినబడిందని ఒక డ్రైవరు చెప్పాడు. లైట్ల వెలుగులో ఎత్తిన చెయ్యి కనబడి బ్రేకు కొట్టానని, దిగి చూస్తే ఖాళీ రోడ్డేనని ఇంకొకడు ఒట్టేశాడు. మరొకడు భయంతో కళ్ళు మూసుకుని నడిపి గోడకి గుద్దాడు. వాణ్ణి గుద్దించింది దెయ్యం కాదు, వాడి తెలివే అనుకోండి, కానీ ఆ లెక్కా ఈలాయన ఖాతాలోనే పడింది.

పని మళ్ళీ మొదలుపెడదామంటే కూలీలు రామన్నారు. పోలీసుల్లో ఎవరూ ఆ డ్యూటీకి ఒప్పుకోలేదు. సూపర్‌వైజరు బతిమాలాడు, బెదిరించాడు, మళ్ళీ బతిమాలాడు. గాలిలో పిడిగుద్దులే అయ్యాయి.

అప్పుడు ఒకావిడ నోరు విప్పింది. అందరూ ఆమెను పారక్క అనేవాళ్ళు. తారు అంచు సర్దడంలో ఆమె పార పెట్టిన చోట మళ్ళీ ఇంకొకరు పెట్టనక్కర్లేదని పేరు. భర్త క్రేను నడుపుతాడు, ఏడాదిలో సగం ఎక్కడో దూరపు పనుల్లోనే ఉంటాడు. దగ్గర మనిషంటే పక్కవీధిలో ఉండే అన్నే. ఆ అన్న పోలీసు. ఈలాయన పని చేసిన స్టేషన్లోనే ఉద్యోగం.

“మా అన్నయ్య నిలబడితే వస్తారా?” అని అడిగింది ఆమె.

రోడ్డు రోలర్ నడిపే ముసలాయన — రోలర్ తాత అనేవాళ్ళు — ఆమె వైపు తిరిగాడు. “నీ అన్న సంగతి మాకు తెలీదమ్మాయ్. నువ్వు తెలుసు. నువ్వు వీపు తిప్పితే మేమూ తిప్పుతాం” అన్నాడు.

ఆమెకి ఇంతకన్నా సులువైన పని లేదనిపించింది. అమ్మానాన్నలు పోయాక ఆమెను ఒంటిచేత్తో పెంచింది అన్నే. చిన్నప్పుడు బడికి పోతూ పెద్దరోడ్డు దాటాల్సివస్తే, ఆమె అన్న చొక్కా వెనకనుంచి గుప్పిట్లో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేది. కళ్ళు తెరిచేసరికి అవతలి పక్కన ఉండేది. అలా ఎన్నిసార్లు దాటిందో. ఒక్కసారి కూడా కళ్ళు తెరవాల్సిన అవసరం పడలేదు.

అన్న మొదట నీళ్ళు నమిలాడు. పగలు కూడా డ్యూటీ ఉందన్నాడు, మోకాళ్ళ నొప్పులన్నాడు. వదిన కూడా వద్దులెండి అంది. చివరికి చెల్లెలి మొహం చూసి సరేనన్నాడు. ఆమె సంతోషంగా వెళ్ళి తన మాటగా అందరికీ చెప్పింది. ఆమె మాట మీద పని మళ్ళీ మొదలయింది.

మొదటి రాత్రి పారలు పట్టుకుని అందరూ మలుపు వైపే చూశారు. దూరంగా జీపు మీద నీలం దీపం తిరుగుతోంది. దాని పక్కన యూనిఫాం, పైన మెరిసే పట్టీల కోటు, ఎత్తిన చెయ్యి. ఆమె ముందుగా వీపు తిప్పింది. తరవాత తాత. తరవాత అందరూ.

కాసేపటికి సన్నగా... పొట్టి ఈల.

పారలు కాస్త హుషారుగా కదిలాయి. ఈలభాష కూడా నేర్పించి తీసుకొచ్చావే అని తాత మెచ్చుకున్నాడు. తను నేర్పలేదు. స్టేషన్లో వాళ్ళూ వాళ్ళూ చెప్పుకునుంటారులే అనుకుంది.

పనిలో ఇంకో నియమం ఉంది. కూలీలెవరూ కోన్లు దాటి వచ్చే బళ్ళ వైపు నడవకూడదు. కాబట్టి అన్న దగ్గరికి వెళ్ళి పలకరించడం కుదిరేది కాదు. ఆమె రోజూ సాయంత్రం ఫ్లాస్కులో టీ పోసి సూపర్‌వైజరుకిచ్చేది. అన్నకి చక్కెర దండిగా ఉండాలి. ఫ్లాస్కు తెల్లారి ఖాళీగా తిరిగొచ్చేది. ఒకరోజు సూపర్‌వైజరు, చక్కెర కాస్త తగ్గించమన్నారమ్మా అని చెప్పాడు. అన్నకి వయసు మీద పడుతోంది కాబోలనుకుని ఆమె బాధపడింది. ఆ రోజునుంచి ఒక చెంచా తగ్గించింది.

అలా వారాలు గడిచాయి. వానలు మొదలవబోతున్న రోజుల్లో ఒక రాత్రి, పొట్టి ఈలల మధ్యలో... పొడుగు ఈల.

చెవులు చిల్లులు పడేలా. ఆగకుండా.

ఆమె పార వదిలేసింది. వెనక్కి చూడలేదు. గోడకి వెళ్ళి గుద్దుకున్నాకే తిరిగి చూసింది. అప్పటికే ఒక లారీ కోన్లని ఎగరగొట్టుకుంటూ, ఆమె పార మీదుగా ఎక్కి పోతోంది. పార కర్ర విరిగిన చప్పుడు ఆ రొదలో కూడా వినబడింది. లారీ యంత్రాన్ని తప్పించుకుని, అవతల ఎక్కడో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

అందరూ ఒకళ్ళనొకళ్ళు తడిమి చూసుకుని కూర్చుండిపోయారు. సూపర్‌వైజరు ఒక్కడు మాత్రం మనుషుల్ని లెక్క చూడకుండా మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తరవాత వెళ్ళి వ్యానులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. పాపం, చిన్న గుండె మనిషి అనుకుంది ఆమె.

తెల్లారి ఆమె తిన్నగా అన్న ఇంటికి వెళ్ళింది. అన్న చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. నువ్వు ఒక్క క్షణం ఆలస్యం చేసుంటే ఆ పార చోట నేనుండేదాన్నని చెప్పింది. లారీ ఎలా వచ్చిందో, ఈల ఎంత గట్టిగా వినబడిందో, చెప్పిందే చెప్పింది. అన్న ఆమె తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

“నేనుండగా నీ మీద ఈగ వాలనిస్తానా?” అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన బయటికి రాలేదు.

ఆ మాట ఆమె అందరికీ చెప్పుకుంది. మా అన్న ఇలా అన్నాడని, విన్నవాళ్ళకే మళ్ళీ వినిపించింది. పొంగిపోయింది, దాచడమెందుకు. ఇంత పెద్ద మాట తన కోసం అన్నవాళ్ళు ఆమెకి ఇంకెవరున్నారు కనుక.

తరవాత వచ్చింది గాలిరాత్రి.

కోతలోకి గాలి దూరితే గొట్టంలోంచి ఊదినట్టుంటుంది. ఆ రాత్రి కోన్లు నిలవడం లేదు, దీపాల స్తంభాలు ఊగుతున్నాయి. ఆమె పార ఆపి మొహం మీద దుమ్ము తుడుచుకుంటుంటే, రోడ్డు మీద ఏదో దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలింది.

పోలీసు టోపీ.

మలుపు వైపు చూసింది. అన్న ఒట్టి తలతో నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తే ఉంది. టోపీ కోసం వెనక్కి తిరగలేదు.

“అన్నయ్యా... టోపీ...” అని అరిచింది. గాలి ఆ మాటని వెనక్కి తోసేసింది.

వాన మొదలైంది. చినుకులు కావు, ఒకేసారి కుండపోత. కూలీలంతా వ్యాను కిందికి, యంత్రం కిందికి దూరారు. ఆమె మాత్రం టోపీ పట్టుకుని చూస్తూనే ఉంది. అన్న జీపులోకి వెళ్ళలేదు. చెయ్యి దించలేదు. వానలో... అలాగే... కొయ్యబారిపోయి.

మనిషి నిలబడే పోవచ్చని ఎక్కడో విన్నది ఆమెకి గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులంటే బలవంతాన తెచ్చి నిలబెట్టింది తనే కదా.

ఆమె కోన్లు దాటింది. సూపర్‌వైజరు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి దారికి అడ్డం పడ్డాడు. నియమం నియమమేనమ్మా, దాటకూడదన్నాడు. ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. చలికేమో అనుకుని ఆమె ఆయన్ని పక్కకి తోసేసి నడిచింది.

సగం దూరం వెళ్ళాక... ఎదురుగా, సన్నగా, పొట్టి ఈల.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఉన్నాడు, మనిషి బాగానే ఉన్నాడు. నవ్వుకుంటూ గబగబా నడిచింది. నీలం దీపం తిరిగినప్పుడల్లా ఆ వీపు వెలిగి ఆరుతోంది. దగ్గరికి పోయి, ఇదిగో నీ టోపీ, ఈ వానలో ఏం మొండితనమని కోప్పడింది.

జవాబు లేదు.

ఆమె చెయ్యి చాచి, చిన్నప్పటిలాగే, వెనకనుంచి చొక్కా గుప్పిట్లో పట్టుకుంది.

చొక్కా లోపల... మనిషి లేడు.

గట్టిగా, చల్లగా, ఏదో తగిలింది. లాగితే మొత్తం ఆకారం ఆమె మీదికి తిరిగింది. దీపం ఒక చుట్టు తిరిగి వచ్చింది. కళ్ళు లేవు. నున్నటి గుండు, గీసినట్టున్న పెదాలు. బట్టల కొట్టు అద్దాల వెనక నిలబెట్టే బొమ్మ అది. ఎత్తిన చేతికి కింద కర్ర ఊతం పెట్టి కట్టారు.

చొక్కా పై గుండీ నల్లదారంతో కుట్టి ఉంది. చొక్కా రంగు దారం అయిపోతే, ఎవరు చూస్తార్లే అని ఆమే కుట్టింది. అన్న ముంగిట్లో కూర్చుని, అన్నతో కబుర్లు చెబుతూ.

దెయ్యమైనా బాగుండేది. దెయ్యం కనబడితే మనిషి జడుసుకుంటాడు, అంతే. ఆమె ఆ వానలో గుండీ పట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

సూపర్‌వైజరు కక్కేశాడు. మొదటి రాత్రి తప్ప అన్న మళ్ళీ రాలేదట. యూనిఫాం పంపించి, బొమ్మకి వేసుకోమన్నాడట. డ్రైవర్లు చూసేది బట్టల్నే కదా అన్నాడట. పొద్దువాలకముందు బొమ్మని నిలబెట్టడం, ఎండెక్కాక తీసేయడం తన పని. టీ తాగింది తనే. చక్కెర తగ్గించమన్నదీ తనే, తనకి పడదు. ఆ లారీ రాత్రి తరవాత మాత్రం చీకటి పడ్డాక ఎవరెంత చెప్పినా ఆ చోటికి పోలేదన్నాడు.

ఆ చివరి మాటలు ఆమె సరిగ్గా వినలేదు. బొమ్మ ఒంటి మీదనుంచి చొక్కా విప్పి మడిచి చంకలో పెట్టుకుంది.

తెల్లవారుతుండగా అన్న ఇంటి తలుపు కొట్టింది. వదిన తీసింది. తడిసిన ఆమె చీర చూసి కంగారు పడి లోపలికి రమ్మంది.

“అన్నయ్య డ్యూటీనుంచి వచ్చాడా వదినా?”

“ఇప్పుడే... వచ్చి పడుకున్నారు” అంది వదిన.

ఆమె చొక్కా తీసి బల్ల మీద పరిచింది. నీళ్ళు బల్ల అంచునుంచి కారి నేల మీద పడుతున్నాయి. వదిన ఆ నీళ్ళనే చూస్తూ గోడకి చేరబడింది. తనకన్నా ముందు ఈ ఇంట్లో అందరికీ తెలుసని ఆమెకి అప్పుడు అర్థమైంది. తనొక్కతే మూర్ఖురాలు.

అన్న నిద్రమొహంతో గదిలోంచి వచ్చాడు. బల్ల మీద చొక్కా చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఏదో ఒక సాకు చెబుతాడని ఆమె ఎదురుచూసింది. చెప్పుంటే కొంత తేలికయ్యేదేమో. అతను నిజం చెప్పాడు.

మొదటి రాత్రి వచ్చి నిలబడ్డాడట. జీపులోంచి దిగి, ఈల నోట పెట్టుకునేలోపే, చెవి పక్కన... ఊపిరి తగిలేంత దగ్గర్లో... పొట్టి ఈల వినబడిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అక్కడినుంచి ఎలా వచ్చి పడ్డాడో అతనికే తెలియదు. మళ్ళీ ఆ చోటుకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

“వాడు నా కోసమే కాచుకుని ఉన్నాడు చెల్లాయ్” అన్నాడు. “ఆ మంచు రాత్రి వాడికి సెలవు, డ్యూటీ నాది. జ్వరమని చెప్పి వాణ్ణి పంపించాను. జ్వరం లేదు.”

వదిన చీరచెంగు నోట్లో కుక్కుకుంది. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

పారక్కకి కన్నీళ్ళు రాలేదు. అదే ఆమెకి వింతగా తోచింది. పెద్దరోడ్డు మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. గుప్పిట్లో చొక్కా ఉంది. చొక్కాలో అన్న లేడు.

“నీకు భయమేసిన చోట నన్ను వీపు తిప్పి నిలబెట్టావా అన్నయ్యా?”

అన్న తల ఎత్తలేదు.

“పోనీ, భయం ఎవరికైనా ఉంటుంది. చెబితే నేనూ వెళ్ళేదాన్ని కాదు, పదిమందిని తీసుకెళ్ళేదాన్నీ కాదు. ఆ లారీ మర్నాడు నీ చేతులు పట్టుకుని ఏడిస్తే... తల నిమిరావే. ఈగ వాలనివ్వనన్నావే. ఆ మాట నీ నోటికి ఎట్లా వచ్చింది?”

చొక్కానుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆమె లేచి వెళ్ళబోతూ తలుపు పక్కన మేకు వైపు చూసింది. అన్న ఈల దానికి వేలాడుతోంది. తాడు మీద, ఈల మీద దుమ్ము పేరుకుని ఉంది. సాలీడు ఒకటి మేకునుంచి ఈలకి గూడు కట్టుకుంది.

ఆమె ఆగిపోయింది.

ఇన్నాళ్ళ పొట్టి ఈలలు... లారీ రాత్రి పొడుగు ఈల... నిన్న వానలో, బొమ్మ వైపు నడుస్తుంటే వినబడింది...

అన్న కూడా ఆ ఈలనే చూస్తున్నాడు. ఆమె లారీ సంగతి చెప్పిన నాడే అతనికి అర్థమైపోయిందని అతని మొహం చెప్పేసింది. తెలిసి కూడా తల నిమిరాడు. చనిపోయినవాడి పుణ్యం కూడా తన పేరున రాసుకున్నాడు.

“ఈ రాత్రి వచ్చి నిలబడు” అంది ఆమె. “నా కోసం కాదు. నీ డ్యూటీ ఇంకా ఆయన చేస్తున్నాడు.”

సాయంత్రం ఆమె అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది, బొమ్మ సంగతి, చొక్కా సంగతి. ఈల సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బొమ్మని నిలబెట్టి అన్న జీపులో కూర్చుని ఊదేవాడని వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. నా మాట నమ్మి మీరు మోసపోయారు, నన్ను ఏమన్నా పడతానంది. రోలర్ తాత ముందుకొచ్చాడు.

“నిన్ను ఎప్పటికీ నమ్ముతామమ్మాయ్. మేం నమ్ముతాం, సరే. వీపు నమ్మద్దూ?”

అన్న వచ్చాడు. ఆ మాత్రం చేశాడని చెప్పుకోవాలి. ఉతికి ఆరీ ఆరని ఆ చొక్కానే వేసుకుని, మెళ్ళో ఈల వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మలుపు వైపు నడిచి వెళ్ళాడు. జీపు మీద దీపం తిరగడం మొదలుపెట్టింది. దాని పక్కన నిజం మనిషి. దూరానికి బొమ్మకీ మనిషికీ తేడా ఏమీ తెలియలేదు.

యంత్రం కదిలింది. కానీ పని సాగలేదు. అందరూ పక్కకి తిరిగి, మెడలు వెనక్కి తిప్పి, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి పారలు ఆడిస్తున్నారు. అంచు వంకర్లు పోతోంది. పారక్క సంగతైతే మరీను. నాలుగు పారలు వేస్తే రెండుసార్లు తిరిగి చూస్తోంది. అక్కడ నిజంగా అన్న ఉన్నాడని తెలుసు. అయినా వీపు తిప్పితే ఒళ్ళు జలదరిస్తోంది. వెనకాల చొక్కా ఒక్కటే నిలబడి ఉన్నట్టు.

ఇంతలో — పొడుగు ఈల.

అందరూ పారలు పారేసి గోడకి దూకారు. ఒకడు బూటు ఊడి వేడి తారు మీద కాలేసి కేకపెట్టాడు. గోడకి కరుచుకుని చూస్తే... ఏ బండీ లేదు. ఖాళీ రోడ్డు. మలుపులో అన్న ఈల నోట పెట్టుకుని వాళ్ళ వైపే అయోమయంగా చూస్తున్నాడు. నేనున్నానని చెప్పడానికి ఊదాడు, పాపం.

తాత తారు మరకల చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు. మొహంలో రంగు మారుతోంది.

“అమ్మాయ్... ఇన్నాళ్ళు ఊదినవాడికి ఈలభాష రాదా?”

ఆమె తాత వైపు చూసింది. చెప్పలేకపోయినది చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కొక్కరి మొహంలోకీ ఆ సంగతి మెల్లగా దిగుతోంది. యంత్రం ఆపరేటరు ఇంజను కట్టేశాడు. కోతలో గాలి కూడా లేదు.

అప్పుడు, అన్నకి వెనక, దీపం వెలుగు అందని చోట...

పొట్టి ఈల.

అన్న చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. అతని ఈల నోటినుంచి జారి గుండీ మీద ఊగుతోంది. అతను మెల్లగా, మెల్లగా, చీకటి వైపు తిరిగాడు. అటు ఏం కనబడిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదంటారు.

పారక్కకి భయం వేయలేదు. ఏడుపొచ్చింది. తెల్లారినుంచి రానిది అప్పుడొచ్చింది. చుట్టం కాదు, పక్కం కాదు. ఆమె పేరు కూడా ఆయనకి తెలుసో లేదో. ఆమె ఒక్కరోజు కూడా ఆయనకి టీ పోసి పంపలేదు. పైగా ఆయన ఉన్నాడనే కదా అందరూ ఈ చోటుకి రామన్నది.

మళ్ళీ పొట్టి ఈల. నేనున్నాను, వంగి మీ పని మీరు చేసుకోండి.

ఆమె మొహం తుడుచుకుని, పార తీసుకుంది. తారు చల్లారకముందే అంచు సర్దాలి. యంత్రం స్టార్ట్ చేయమని ఆపరేటరుకి చెయ్యి ఊపి, రోడ్డుకి నిండుగా వీపు తిప్పింది. ఆమె పక్కన తాత తిరిగాడు. తరవాత ఒకరి వెనక ఒకరు అందరూ తిరిగారు.

మలుపులో బూట్ల చప్పుడు వినబడింది. అన్న చోటులో నిలబడుతున్నాడో, పరుగెత్తిపోతున్నాడో తెలియాలంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే చాలు.

ఆమె చూడలేదు.